సంతకం దగ్గర పడిన ముడి

డిగ్రీ చదివే పిల్లలు నమూనా సభ కోసం రెండు బిల్లులు రాసుకొచ్చారు. ఒకటి బడుల మీద, ఒకటి కౌలు సేద్యం మీద. సభ పెట్టుకోండి కానీ ఆ రెండు బిల్లుల్లో కొన్ని క్లాజులు తీసేయండి, అది రాజకీయం అవుతుంది అన్నారు పెద్దలు. నెల్లూరులో వారం రోజులుగా నలుగుతున్న మాట ఇదే. 2025 నవంబర్ 26న అమరావతిలో 175 నియోజకవర్గాల విద్యార్థులు నమూనా శాసనసభ నడిపిన సంగతి ఇంకా గుర్తుంది. అక్కడ ముచ్చటపడి చూసిన పని ఇక్కడికొచ్చేసరికి ఎందుకు చేదైందో తెలియాలంటే 2019కి వెళ్లాలి.

ఆ ఏడాది రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూయజమాని సంతకం, ఆ తర్వాతే కౌలుదారు చేతికి కార్డు. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని, హక్కు పంట మీదేనని చట్టం విడమరిచి చెప్పింది. అయినా యజమాని పెన్ను కదల్లేదు. సంతకం పెడితే పొలం పోతుందన్న భయం ఇప్పటిది కాదు. కౌలుదారుకు రక్షణ కల్పించిన 1956 నాటి కౌలు చట్టం దగ్గర్నుంచి అది ఇళ్లల్లో పాతుకుపోయింది. అందుకే పెన్నా డెల్టాలో ఇంత మాగాణి నోటిమాట మీదే చేతులు మారుతోంది. ఎకరాకు ఇన్ని పుట్లు అని రచ్చబండ దగ్గర మాట అనుకుంటే అదే ఒప్పందం. (నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు.)

కార్డు లేకపోతే ఏమవుతుందో ఆ ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. బ్యాంకులో పంట రుణం పుట్టదు. పెట్టుబడికి వడ్డీ వ్యాపారి గడపే గతి. కేంద్రం 2019లోనే మొదలుపెట్టిన పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు భూమి పేరున్న కుటుంబానికే అందుతాయి. దున్నేవాడికి అందులో చోటు లేదు. వాన వచ్చి కోత చేను పడిపోతే నష్టపరిహారం కోసం కూడా పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందనే అడుగుతారు.

బిల్లులో పిల్లలు రాసిందేమిటి? కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు, గ్రామసభలో విచారించి రెవెన్యూవాళ్లు ఇస్తే చాలు అని. ఇది వాళ్ల సొంత ఊహ కాదు. 2019 చట్టానికి ముందు 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం దాదాపు ఇదే దారిలో నడిచింది. రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం తప్పనిసరి అని అది అడగలేదు. ఆ కార్డులు తీసుకెళ్లినా బ్యాంకులు సరిగ్గా పలకలేదన్నది నిజమే, అది వేరే కథ. కానీ ఒకప్పుడు మన శాసనసభే ఒప్పుకున్న సూత్రం పిల్లలు రాస్తే రాజకీయం ఎట్లా అవుతుంది? సంతకం నిబంధన తీసేస్తామని 2024లో వచ్చిన ప్రభుత్వం నోటా విన్నాం.

యజమానుల వైపు మాట కూడా చెప్పాలి. చిన్న కమతం ఉండి, ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లిన కుటుంబాలకు ఆ ఎకరమే ఆస్తి. దాని మీద ఇంకొకరి పేరు ఏ కాగితంలో కనిపించినా నిద్రపట్టదు. ఆ బెంగను నేను కాదనను.

రెండో బిల్లుకు మూలం 2022 నాటి జీవో 117. దాంతో ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపలున్న హైస్కూళ్లకు కలిపారు. కాగితం మీద కిలోమీటరే. రోడ్డు దాటాలి, కాలవ గట్టు మీద నడవాలి, ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా పంపాలి. తెల్లారకముందే నాట్లకు పోయే తల్లి ఆ పిల్లను ఎవరి చేతికి అప్పగించాలి? 2025లో ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలో ఆ మూడేళ్లూ బడి మారిన పిల్లలు ఇప్పుడు పెద్ద తరగతుల్లో ఉన్నారు. బిల్లు రాసినవాళ్లకు వాళ్లు తమ్ముళ్లూ చెల్లెళ్లూ. ఊళ్లో తరగతి ఎత్తేయాలంటే ముందు గ్రామసభ తీర్మానం కావాలని అందులో రాశారు.

చదువుకుంటున్నవాళ్లు చట్టం జోలికి రాకూడదన్న మాట మరెక్కడైనా చెల్లుతుందేమో గానీ, ఈ జిల్లాలో చెల్లదు. 90ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన దూబగుంట ఆడవాళ్లు వాచకంలో ఒక పాఠం చదివి, ఊళ్లోని సారా దుకాణం మూయించారు. ఆ పని నెల్లూరు జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. పలక పట్టిన కూలి తల్లులు మొదలుపెట్టిన పని అది. మీరు పాఠం వరకే ఉండండి అని అప్పట్లోనూ వాళ్లకు చెప్పినవాళ్లున్నారు.

నేను చదివిన ప్రతుల్లో రెండు బిల్లులకూ ఒకే మాట ముఖ్యం: గ్రామసభ. పెద్దలు ఎర్రసిరాతో కొట్టేయమన్న క్లాజులు కూడా అవే.