పెద్ద ఫొటోలు, వంగిన బోర్డులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో కార్తీక మాసం వచ్చిందంటే ఫొటోలను బోర్డుకు అతికించే మా దుకాణానికి కొత్త ఆర్డర్లతో పాటు వంగిపోయిన పాత ఫొటోలు కూడా రావడం మొదలవుతుంది. ఎక్కడో చేయించిన 20×30 అంగుళాల ఫొటోను పాత చీరలో చుట్టి తెచ్చి, "నాసిరకం బోర్డు వేసి మోసం చేశారండీ" అని వాపోతారు. నిజానికి చాలాసార్లు బోర్డు మంచిదే ఉంటుంది. దాని వెనుక వైపును ఎవరూ పట్టించుకోకపోవడమే అసలు లోపం.

అపోహ: బోర్డు గట్టిది కనుక ముందు వైపు ఫొటో అతికిస్తే చాలు, గోడకు ఆనే వెనుక వైపుకు పెట్టే ఖర్చు దండగ.

వాస్తవం: ఇలా వంగే బోర్డు సాధారణంగా ఎమ్‌డీఎఫ్. ఎమ్‌డీఎఫ్ అంటే చెక్క నారకు రెసిన్ కలిపి వేడితో ఒత్తి తయారుచేసిన పలక. గాలిలో తేమ పెరిగితే దానిని పీల్చుకొని సాగుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. ముందు వైపున ఉన్న గమ్ షీటు, ప్లాస్టిక్ పూత గల ఫొటో కాగితం, ఆపైన లామినేషన్ ఫిల్ము ఆ తేమను చాలావరకు అడ్డుకుంటాయి కాని, వెనుక వైపు బోర్డు బోసిగా ఉంటుంది. అందువల్ల మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాలు వానలు తెచ్చే అక్టోబరు - డిసెంబరు నెలలలో వెనుక పొర సాగి, ముందు పొర సాగక, బోర్డు మూలలు ఫొటో వైపుకు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల వడగాడ్పులకు వెనుక పొర ఎండినప్పుడు అదే బోర్డు ఎదురు దిశలో వంగుతుంది. ప్లాస్టిక్ పూత లేని కాగితాన్ని నీళ్లు కలిసిన తెల్ల జిగురుతో అతికిస్తే వానాకాలం దాకా ఆగనక్కరలేదు. తడికి సాగిన కాగితం ఆరుతూ ముడుచుకొని బోర్డును తన వైపుకు లాగుతుంది.

"3 మిల్లీమీటర్ల బోర్డుకు బదులు 6 వేయించుకోండి" అనే సలహా ఎవరు పుట్టించారో గాని ఊరంతా పాకింది. వంపు తగ్గుతుంది, పోదు. బరువు మాత్రం రెట్టింపవుతుంది. చేయవలసిన పని వేరు. ముందు వైపున వాడిన రకానికి, మందానికి సరితూగే ఫిల్మును వెనుక వైపున కూడా అతికించి, నాలుగు అంచులకూ వార్నిష్ పట్టించి, బోర్డుకూ గోడకూ నడుమ గాలి ఆడేటట్లు మూలలలో చిన్న రబ్బరు బిళ్లలు పెట్టించాలి. సన్‌బోర్డు (నురుగులా తేలికగా ఉండే ప్లాస్టిక్ పలక) తేమ పీల్చదు కనుక ఈ బాధ తక్కువే కాని, అది ఎండ వేడికి మెత్తబడుతుంది. పెద్ద సైజులో వెనుక ఫ్రేము లేకుండా గోడకు చేరవేసి ఉంచితే నడుము వాలుతుంది.

ఒకసారి కొత్తపట్నం నుంచి ఒక పెద్దావిడ భర్త ఫొటో పట్టుకొని వచ్చారు. సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఫొటో వంగిందనీ, అది అపశకునమని బంధువులెవరో అన్నారనీ చెబుతూ, "మా ఆయనకేమైనా లోటు చేశామేమో బాబూ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బోర్డును తిప్పి వెనుక వైపు చూపించి, "ఇది సముద్రపు గాలి తేమ చేసిన పనమ్మా, మీరు చేసిన లోటు కాదు" అని చెప్పాను. దుఃఖంలో ఉన్నవారికి ఇటువంటి మాటలు చెప్పేవారిని ఏమనాలో నాకు తెలియదు. పొడిగా ఉన్న గదిలో చీమకుర్తి గ్రానైటు పలక కింద ఆ బోర్డును కొన్నాళ్లు అణచి ఉంచి, ఆరిన తరువాత వెనుక ఫిల్ము వేసి అంచులు మూశాము. పూర్తిగా సమతలం కాలేదు కాని గోడ మీద వంపు తెలియనంతగా సర్దుకుంది.

బుడగలు పోవడానికి ఇస్త్రీపెట్టె వాడమనే వీడియోలను దయచేసి నమ్మవద్దు. ఫొటో కాగితంలోని ప్లాస్టిక్ పొర వేడికి కరుగుతుంది. చిన్న బుడగను సన్నని సూదితో ఏటవాలుగా గుచ్చి, మెత్తని గుడ్డతో అదిమితే చాలు. ద్రావకం కలిసిన సిరాతో వేసే ఎకో సాల్వెంట్ ప్రింటును తీసిన వెంటనే లామినేట్ చేయమని తొందరపెట్టకండి. కనీసం 24 గంటలు ఆరకపోతే సిరాలో మిగిలిన ద్రావకం గమ్మును పాడుచేసి అంచులు లేస్తాయి. ఇంట్లో ఉన్న ఒకే ఒక పాత ఫొటోను బోర్డుకు అతికించమని అడిగితే మేము ఒప్పుకోము; స్కాన్ చేసి, కొత్త ప్రింటు తీసి దానినే అతికిస్తాము.

ఇక కోత విషయం. ఫొటోను ముందే సరిగ్గా కొలతకు కోసి అతికిస్తే పని శుభ్రంగా వస్తుందని కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు అనుకుంటారు. అతికించేటప్పుడు పైమూలలో వెంట్రుకవాసి తేడా వచ్చినా 30 అంగుళాలు దిగేసరికి అది కంటికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. అందుచేత నాలుగు వైపులా అర అంగుళం ఎక్కువ ఉంచి, సన్‌బోర్డయితే ఫొటోనూ బోర్డునూ కలిపి కోయాలి. ముందే రంపంతో కోయించిన ఎమ్‌డీఎఫ్ అయితే ఫొటోను శుభ్రమైన మ్యాటు మీద బోర్లించి, బ్లేడును బోర్డు అంచుకు ఆనించి మిగులును తీసివేయాలి. సన్‌బోర్డు మీద స్టీలు స్కేలు ఎప్పుడూ ఫొటో భాగం మీదే ఉండాలి, అప్పుడు బ్లేడు జారినా వ్యర్థం వైపే జారుతుంది. మొదటి గీత కాగితం తెగేంత తేలికగా, తరువాతి గీతలు క్రమంగా లోతుగా ఉండాలి. బలమంతా ఉపయోగించి ఒకే గీతలో తెగ్గొట్టాలని చూస్తే బ్లేడు పక్కకు ఒరిగి అంచు ఏటవాలుగా వస్తుంది. బ్లేడు మొన మొద్దుబారినట్లు అనిపించిన క్షణమే విరిచి కొత్త మొన తీసుకోవాలి.