తొమ్మిదింటి చుక్క

విద్యానగర్, హైదరాబాద్

చిన్నాకీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు బుజ్జి ఒక మాట అడిగింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో అలారం మోగగానే నేను టీవీ ఆపి మంచం మీద వెల్లకిలా పడుకోవడం, నానమ్మ కంట్లో చుక్క వేయడం రోజూ చూసి, "తాతయ్యా, నీ కళ్ళు ఎర్రగా లేవు, నొప్పి లేదంటావు, పేపరంతా చదివేస్తావు. మరి మందెందుకు?" అంది. నిద్రొస్తోందని అప్పటికి దాటేశాను. నిజానికి ఆరేళ్ళ కింద నాకూ అదే సందేహం వచ్చింది. ఎవర్నీ అడగకుండా నాకు నేనే జవాబు చెప్పుకుని ఏడు నెలలు మందు మానేశాను. ఆ సంగతి కిందకి వస్తుంది.

నాకున్నది గ్లకోమా. తెలుగులో నీటికాసులు అంటారు. పేరు విని కళ్ళవెంట నీళ్ళు కారే జబ్బనుకునేరు. కన్నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు. శుక్లాలతోనూ కలపకండి. శుక్లమొస్తే ఆపరేషన్ చేసి లెన్స్ పెడతారు, మళ్ళీ కనిపిస్తుంది. దీంట్లో పోయిన చూపు పోయినట్టే.

వాటర్ వర్క్స్‌లో ముప్ఫై ఏళ్ళు చేసినవాణ్ణి కదా, నాకు ఏదైనా నల్లా భాషలో చెప్తేనే ఎక్కుతుంది. కంటి ముందు భాగంలో పలచటి ద్రవం ఒకటి ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఊరినదంతా సన్నటి జల్లెడలాంటి దారిలోంచి బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. నల్లా ఎప్పుడూ ఆగదు, కాబట్టి మోరీ బాగుండాలి. మోరీ పూడుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు కంట్లో అది 10 నుంచి 21 దాకా ఉంటుంది, బీపీ లాగే పాదరసం మిల్లీమీటర్లలో లెక్క. నాకు మొదటిసారి చూసినప్పుడు కుడి 28, ఎడమ 31. ఆ ఒత్తిడికి కంటి వెనక నరం నలుగుతుంది. అది పది లక్షల పైచిలుకు పోగుల కట్ట. మనం చూసేదంతా మెదడుకి చేర్చేది అదే. పోగులు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి, వాటిని మళ్ళీ బతికించే మందు ఇంకా రాలేదు. ఒత్తిడి 21 లోపే ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళూ ఉంటారు. అందుకే ఒత్తిడి ఒక్కటే కొలిచి "బాగుంది, వెళ్ళండి" అంటే సరిపోదు, నరం కూడా చూడాలి.

ఇంత జరుగుతుంటే తెలియదా అంటారు. తెలియదు, అదే దీని తంటా. చూపు ముందు అంచుల్లో పోతుంది. ఒక కన్ను వదిలేసింది రెండో కన్ను అందుకుంటుంది, మిగతా ఖాళీని మెదడు తనకి తోచినట్టు నింపేస్తుంది. నేను స్కూటర్ మీద పోతుంటే ఎడమ పక్కనుంచి ఆటోలు ఉన్నట్టుండి పుట్టుకొచ్చేవి. హైదరాబాద్‌లో ఆటోలు ఎలాగూ అలాగే వస్తాయి కాబట్టి తప్పు వాళ్ళదేనని తిట్టుకున్నాను. మెట్లు దిగుతూ రెండుసార్లు తూలితే కొత్త చెప్పుల మీద పెట్టాను. ఒక కళ్ళజోళ్ళ షాపులో ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్పించుకున్నాను, అక్కడ చూసింది నంబరే. మూడోసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ నరం చూసి, అద్దాల మాటే వదిలేసి, వేరే పరీక్షలు రాసింది.

వాటిలో ఒకటి చిన్నాకి నచ్చుతుంది. ఒక కంటికి గంత కట్టి, గడ్డం ఒక గూటిలో ఆనించమంటారు. ఎదురుగా తెల్లటి గిన్నెలాంటిది, మధ్యలో ఒక లైటు. చూపు దాని మీంచి కదలకూడదు. చుట్టుపక్కల ఎక్కడెక్కడో చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తాయి, కనిపించినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. నేను ఒక్క చుక్కా వదలకుండా నొక్కాను. నూటికి నూరు అనుకుంటూ బయటికొచ్చాను. చేతికిచ్చిన కాగితం మీద ఎడమ కంటి బొమ్మలో, చంద్రవంక ఆకారంలో నల్లటి మచ్చ. అక్కడా చుక్కలు వెలిగాయట. నాకైతే వెలగలేదు.

చుక్కల మందు రాశారు. మూడు నెలలు వేసుకున్నా చూపులో ఏ మార్పూ లేదు. డబ్బు దండగ అనుకుని మానేశాను. ఏడు నెలల తర్వాత మళ్ళీ ఆ గిన్నె ముందు కూర్చుంటే మచ్చ ముక్కు వైపు ఇంకాస్త పాకింది. అప్పుడు డాక్టరు గారు అన్నది ఇది: "చూపు బాగుపడడానికి కాదండీ ఈ మందు, ఉన్నది పోకుండా. ఏ మార్పూ లేదంటే పనిచేస్తోందనే." బుజ్జీ, నీ ప్రశ్నకి ఇదే జవాబు. కొందరికి చుక్కలతో ఒత్తిడి దిగకపోతే లేజర్ చేస్తారు, అదీ చాలకపోతే ఆపరేషన్ చేసి ద్రవం పోవడానికి కొత్త దారి తీస్తారు. నాకు ఇప్పటిదాకా చుక్కలతో సరిపోయింది, 14, 15 దగ్గర నిలబడింది.

చుక్క వేయడం నానమ్మ దగ్గర నేర్చుకోండి. కింది రెప్ప కొంచెం లాగి ఒక్కటే చుక్క. రెండు వేస్తే రెండోది బుగ్గ మీదకే. తర్వాత కళ్ళు మూసి, ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టాలి, లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి దిగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి కొన్ని చుక్కలు పడవు, ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. ఇంకో సంగతి, పొద్దున్నే లీటరు నీళ్ళు గటగటా తాగడం, శీర్షాసనం వేయడం, రెండూ నేను మానేశాను. రెండింటికీ కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. నీళ్ళు మానలేదు, కొంచెం కొంచెంగా తాగుతున్నాను.

ఇంకో రకం నీటికాసులు నాలాగా చప్పుడు లేకుండా రావు. ఒక్కసారిగా కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, తలనొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు. గ్యాస్ అనో పార్శ్వపు నొప్పి అనో ఇంట్లో కూర్చోకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

చిన్నా, ఇది నీ కోసం. ఎండాకాలం కళ్ళు దురద పెడితే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వాటిలో స్టెరాయిడ్ ఉంటే దురద పొద్దుటికల్లా తగ్గుతుంది, అందుకే అందరికీ ముద్దు. నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి, నీ వయసు పిల్లలకి కూడా నీటికాసులు వస్తాయి. ఆ సీసా మీద పేరు నాకు ఫోటో తీసి పంపు. డాక్టరు చెప్పకుండా ఇక వేసుకోవద్దు.

మా అన్నయ్య, అంటే మీ పెద్దతాతయ్య, చివరి ఐదేళ్ళు గోడ తడుముకుంటూ తిరిగాడు. వయసు మీద పడింది అన్నాం అందరం. కళ్ళు చూపించిందే లేదు. ఇప్పుడు అనుమానమొస్తోంది, ఏం లాభం. రక్తసంబంధంలో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. నలభై దాటితే అందరూ చూపించుకోవాలంటారు. మీ నాన్నకి నలభై నాలుగు. ఎప్పుడడిగినా "రిలీజ్ అయ్యాక చూద్దాం నాన్నా" అంటాడు. వాడి ఆఫీసులో ఏదో ఒకటి ఎప్పుడూ రిలీజ్ అవుతూనే ఉంటుంది. నా మాట వినడు, మీ మాట వింటాడు. మెహదీపట్నంలో సరోజినీదేవి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది, మీ మియాపూర్‌లోనే మంచి కంటి డాక్టరు ఉన్నా సరే. అత్తకి నేను విడిగా చెప్పాను.

నరం చూడడానికి కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది. ఆరోజు నాన్న చేత బండి నడపనివ్వకండి, మెట్రోలో వెళ్ళండి. ఇంటికొచ్చాక ఒత్తిడి ఎంత వచ్చిందో నాకు రాయండి. కుడి ఎంత, ఎడమ ఎంత, విడివిడిగా.

మీ తాతయ్య