రెండు ముందు టైర్లపై మూడు వందల హార్స్‌పవర్: ఒక పాత చిక్కు, దాని పరిష్కారాల చరిత్ర

2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కార్లు పరిమిత సంఖ్యలో భారతదేశానికి దిగుమతి అయ్యాయి. రెండింటిలోనూ రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనే ఉంది. రెండూ 265 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) శక్తిని, 370 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే తిప్పే బలాన్ని, ముందు చక్రాలకు మాత్రమే పంపుతాయి. కారును లాగే పని, మలుపు తిప్పే పని, బ్రేకు వేసినప్పుడు అధిక భాగం ఆపే పని కూడా చేయవలసిన ఆ రెండు టైర్లు ఇంత బలాన్ని ఎలా భరిస్తాయన్న సందేహం న్యాయమైనదే. ఇంజనీర్లు దానికి జవాబు వెతకడం మొదలుపెట్టి చాలా దశాబ్దాలయింది.

ముందుగా లెక్క చూడాలి. 1,450 కిలోల కారులో 62 శాతం బరువు ముందు ఇరుసు మీద ఉందనుకుంటే, నిలిచి ఉన్నప్పుడు ముందు టైర్లపై సుమారు 900 కిలోలు పడతాయి. కారు గట్టిగా ముందుకు దూకగానే బరువు వెనక్కి మళ్లుతుంది. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో వేగం పుంజుకుంటున్నప్పుడు దాదాపు 135 కిలోల భారం ముందు చక్రాలను వదిలి వెనక చక్రాల మీదికి చేరుతుంది. అంటే పట్టు ఎక్కువ కావలసిన క్షణంలోనే ముందు టైర్ల మీద బరువు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో అవి నేలకు అందించగలిగే బలం దాదాపు 7,500 న్యూటన్లు. 370 న్యూటన్ మీటర్ల టార్కు మొదటి గేరులో సుమారు 14 రెట్లు పెరిగి చక్రం అంచుకు చేరేసరికి అది 16,000 న్యూటన్ల వరకూ ఉంటుంది. టైరు తీసుకోగలిగిన దానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. తడి రోడ్డు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా టైరు పట్టు మొత్తం ఒక్కటే: లాగడానికి ఎంత ఖర్చయితే, మలుపులో పక్కకు నిలబడడానికి అంత తక్కువ మిగులుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే ఇలాంటి కారు ముక్కు బయటి వైపుకు జారిపోవడానికి కారణం ఇదే.

తొలి రోజుల్లో ఇబ్బంది వేరు. తిరిగే చక్రానికి, అదే సమయంలో పక్కకు మళ్లే చక్రానికి, కుదుపు లేకుండా శక్తి అందించడమే అప్పటి సమస్య. 1920లలో ఫ్రాన్స్‌లో జాన్ అల్బేర్ గ్రెగ్వార్, పియర్ ఫెనాయ్ రూపొందించిన ట్రాక్టా కీలు, అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించిన బంతుల కీలు దారి తెరిచాయి. 1934లో సిట్రోయెన్ ట్రాక్సియాన్ అవాంతో ముందు చక్రాల చోదన సామాన్యుడి కారులోకి వచ్చింది. 1959లో అలెక్ ఇసిగోనిస్ మినీలో ఇంజనును అడ్డంగా పెట్టి, చిన్న కారులో నలుగురికి చోటు కల్పించాడు. ఆ ఇంజను శక్తి 34 హార్స్‌పవర్ మాత్రమే కాబట్టి టైర్ల పట్టు గురించి ఎవరికీ బెంగ లేదు.

నేటి చిక్కుకు అసలు బీజం 1964లో ఇటలీలో పడిందని నా అభిప్రాయం. దాంతే జియాకోజా ఆటోబియాంకి ప్రిములాలో అడ్డంగా ఉన్న ఇంజను పక్కనే గేరుబాక్సును చేర్చాడు. చవకైనది, సులువైనది, మరమ్మతుకు అనువైనది కావడంతో ఫియట్ 128 మొదలుకొని నేటి హాచ్‌బ్యాక్‌ల వరకూ దాదాపు ప్రపంచమంతా ఆ అమరికనే స్వీకరించింది. కానీ అందులో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, మధ్యలో ఉండదు కనుక చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్, ఒక వైపు పొడుగ్గా, మరో వైపు పొట్టిగా వస్తాయి. వాటి కోణాలు, మెలిపడే తీరు వేర్వేరు కావడంతో టార్కు ఎక్కువైనప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. దీనినే టార్క్ స్టీర్ అంటారు. పొడుగు వైపు మధ్యలో బేరింగుతో మరో షాఫ్ట్ పెట్టి, రెండు వైపులనూ సమానం చేయడం దీనికి తొలి మందు. అది అవసరమే గానీ సరిపోదు.

అమెరికన్లు అదే కాలంలో వేరే దారి పట్టారు. 1966 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడోలో ఏడు లీటర్ల వీ8 ఇంజను 385 హార్స్‌పవర్ ఇచ్చేది. అదంతా ముందు చక్రాలకే. ఇంజను అడ్డంగా కాక కారు పొడవు వెంబడి ఉండడం, కారు ముందు భాగం బాగా బరువుగా ఉండడం దానికి కలిసివచ్చాయి. దాని కోసమే ఫైర్‌స్టోన్ ప్రత్యేకంగా ఒక టైరును తయారు చేసింది. బలమైన ముందు చోదనకు ప్రత్యేకమైన టైరు కావాలని ఒక పెద్ద కంపెనీ అంత తొందరగా గుర్తించడం గమనించదగిన విషయం.

యూరప్‌లో టర్బోతో కథ వేడెక్కింది. 1976 గోల్ఫ్ జీటీఐ 110 హార్స్‌పవర్‌తో సరిపెట్టుకోగా, 1978లో సాబ్ 99 టర్బో 145కు చేరింది. టర్బో ఒక్కసారిగా అందుకున్నప్పుడు టార్కు మెట్టులా ఎగబాకడం వల్ల చిక్కు మరింత పెరిగింది. 1999లో వచ్చిన సాబ్ 9-3 విగెన్ దాదాపు 230 హార్స్‌పవర్‌తో వేగవంతమైన కారే అయినా, స్టీరింగ్ లాగుడుకే ఎక్కువ పేరు తెచ్చుకుంది.

2002 నాటికి రెండు దారులు స్పష్టంగా కనిపించాయి. ఆల్ఫా రోమియో 147 జీటీఏ 3.2 లీటర్ల వీ6 ఇంజనుతో 250 హార్స్‌పవర్ ఇచ్చినా మామూలు డిఫరెన్షియల్‌తోనే వచ్చింది. మలుపులో బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే తిరిగిపోయేది, బయటి చక్రానికీ అంతే తక్కువ టార్కు అందేది. అదే ఏడాది ఫోర్డ్ మొదటి ఫోకస్ ఆర్ఎస్‌లో గేరు పళ్లతో పనిచేసే క్వైఫ్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను పెట్టింది. అది పట్టున్న చక్రానికి ఎక్కువ టార్కు పంపుతుంది, కాబట్టి మలుపు నుంచి బయటపడడం వేగవంతమైంది. కానీ ఎడమ, కుడి చక్రాల లాగుడు సమానంగా లేనప్పుడు ఆ తేడా అంతా నేరుగా స్టీరింగ్‌లోకే వచ్చేది. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఆ కారు డ్రైవరు చేతులతో పెనుగులాడేది.

ఆ తేడా స్టీరింగ్‌కు ఎందుకు చేరుతుందన్న ప్రశ్నే తరువాతి మేలుకు మూలం. ముందు చక్రాలకు వాడే సాధారణ మాక్‌ఫెర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌లో స్ట్రట్ (స్ప్రింగు, కుదుపు తగ్గించే డ్యాంపరు కలిసిన నిలువు కడ్డీ) మొత్తం స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది. అది తిరిగే అక్షం చక్రం మధ్య బిందువుకు చాలా లోపలగా వెళుతుంది. లాగే బలాన్ని ఆ దూరంతో హెచ్చిస్తే స్టీరింగ్‌ను తిప్పే బలం వస్తుంది. రెండు వైపులా సమానమైతే అవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒక టైరు ఇసుక మీదో నీటి మీదో ఉంటే రద్దు కావు. కనుక ఆ దూరాన్నే తగ్గించాలి. 2004లో రెనో తన మెగాన్ స్పోర్ట్ కారులో స్ట్రట్‌ను తిరగకుండా నిలిపి, చక్రం మళ్లే భాగాన్ని విడిగా అమర్చి, అక్షాన్ని చక్రానికి దగ్గరగా జరిపింది. 2009లో 305 పీఎస్ ఇచ్చిన రెండో తరం ఫోకస్ ఆర్ఎస్‌లో ఫోర్డ్ రెవోనకల్ పేరుతో, ఆ కాలంలోనే జనరల్ మోటార్స్ హైపర్‌స్ట్రట్ పేరుతో, 2015లో 310 పీఎస్ సివిక్ టైప్ ఆర్‌లో హోండా తనదైన పద్ధతిలో ఇదే సూత్రాన్ని పాటించాయి. ముందు చోదన చరిత్రలో అన్నిటికంటే నిజాయితీ గల పరిష్కారం ఇదేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు: ఇది టార్కును దాచదు, తగ్గించదు, టైరు మీద అదనపు భారం వేయదు.

దీని తరువాత జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేసు ట్రాకు మీద, ఒక చుట్టును ఏ ముందు చోదన కారు త్వరగా పూర్తి చేస్తుందన్న పోటీ ముదిరింది. 2014లో సియాట్ లియోన్ కూప్రా ఎనిమిది నిమిషాల గీత దాటి 7:58.44లో పూర్తి చేయగా, 2017లో టైప్ ఆర్ 7:43.80కు, 2019లో మెగాన్ ట్రోఫీ-ఆర్ 7:40.10కు దిగాయి. ఈ సెకన్లన్నిటినీ సస్పెన్షన్ ఖాతాలో వేయడం సరికాదు. ట్రోఫీ-ఆర్‌లో వెనక సీట్లు తీసేశారు. ఈ రికార్డు కార్లు పలుమార్లు దాదాపు రేసు స్వభావం గల టైర్ల మీద పరుగెత్తాయి. పట్టు చివరికి రబ్బరులోనే ఉంది. అందుకే ర్యాలీల్లో 1999లో సిట్రోయెన్ క్సారా కిట్ కారుతో ఫిలిప్ బుగాల్స్కీ కాటలూన్యా, కోర్సికా తారు రోడ్ల మీద నాలుగు చక్రాల చోదన గల ప్రపంచ ర్యాలీ కార్లను ఓడించగలిగాడు: తేలికైన కారు, పొడి తారు, మంచి టైరు కలిస్తే ముందు చోదన లోటు చాలావరకు పూడుతుంది. అతి చేసిన ఉదాహరణా ఉంది. 2015 ల మాన్ పందెంలో నిస్సాన్ ముందు చోదన రేసు కారును, వెనక టైర్ల కంటే చాలా వెడల్పైన ముందు టైర్లతో దింపింది. మూడు కార్లలో ఒక్కటీ ఫలితాల పట్టికలో చోటు దక్కించుకోలేదు.

ఎలక్ట్రానిక్స్ మరో దారి. కొన్ని కంపెనీలు కింది గేర్లలో టార్కును కత్తిరించాయి. ఫోక్స్‌వ్యాగన్ వారి ఎక్స్‌డీఎస్ అనే వ్యవస్థ మలుపులో లోపలి చక్రానికి బ్రేకు వేసి బయటి చక్రానికి పని చెప్పింది. రోజువారీ నడపడానికి ఇది చాలు గానీ, బ్రేకులు వేడెక్కే కొద్దీ, టైర్లు అరిగే కొద్దీ దాని లోటు బయటపడుతుంది. అందుకే ఆ కంపెనీయే తరువాత ఎలక్ట్రానిక్ క్లచ్‌తో ముడిపడే డిఫరెన్షియల్‌కు మళ్లింది. 2020లో భారతదేశానికి 200 మాత్రమే వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ 245లో అది ఉంది.

ఇన్ని పరికరాలున్నా ముందు టైర్లే ముందుగా అరుగుతాయి. మలుపు దాటి స్టీరింగ్ నిటారవుతున్న కొద్దీ యాక్సిలరేటర్‌ను పెంచడం, గాలి పీడనాన్ని టైరు చల్లగా ఉన్నప్పుడే సరిచూడడం, అరుగుదల సమానమయ్యేలా ముందువీ వెనకవీ మార్చుకోవడం నడిపేవారి బాధ్యత. రెండే కొత్త టైర్లు కొంటే వాటిని ముందు వేయించుకోవడం మన దగ్గర అలవాటు; టైర్ల కంపెనీలు మాత్రం వెనకకే వేయమంటాయి, ఎందుకంటే వానలో వెనక చక్రాలు జారితే సాధారణ డ్రైవరు కారును నిలబెట్టుకోవడం కష్టం.

ఇప్పుడు ఈ చిక్కు విద్యుత్ కార్లతో సామాన్యుడి ఇంటికి వచ్చింది. మహీంద్రా ఎక్స్‌యూవీ400 నిలిచి ఉన్న చోటు నుంచే 310 న్యూటన్ మీటర్లను ముందు చక్రాలకు అందిస్తుంది. మోటారు చిన్నది కనుక దానిని వెనక పెట్టడానికి పెద్దగా అడ్డంకి లేదు. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3లో, మహీంద్రా తన బీఈ 6లో వెనక చోదనకు మళ్లడానికి ఆ వెసులుబాటు వీలు కల్పించింది. పాత పెట్రోల్ కారు చట్రం మీద కట్టిన విద్యుత్ కార్లలో మాత్రం భారమంతా ఇంకా ముందు టైర్ల మీదే ఉంది.