ఆఫీసు కుర్చీ మార్చే ముందు ఒకసారి బోర్లించి చూడండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆఫీసు కుర్చీలు రిపేరు చేయడం, కొత్తవి అమ్మడం రెండూ నా పనే. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసులకు వెళ్తుంటాం, ఇళ్లకూ వెళ్తాం. కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేసేవాళ్లు పెరిగారు కదా, ఇప్పుడు ఇళ్ల నుంచి కూడా ఫోన్లు బాగానే వస్తున్నాయి. "కుర్చీ పోయిందండీ, మంచిదొకటి చెప్పండి" అంటారు. పోయింది ఏ భాగమో చెప్పండి అంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. కుర్చీ మొత్తం ఒకేసారి పాడవడం చాలా అరుదు, ఎక్కువసార్లు ఏదో ఒక భాగమే పోతుంది, డబ్బు మాత్రం మొత్తం కుర్చీకి పెడతాం. మంచి ఫ్రేము, మంచి సీటు ఉన్న కుర్చీ పాత సామాను బండి ఎక్కుతుంటే చూడటం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. అందుకే రోజూ వినే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కూర్చుంటే కిందికి దిగిపోతోంది, ఇక కుర్చీ పని అయిపోయింది

కాలేదు. సీటు కింద నిలువుగా ఉండే సిలిండర్ లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది. మీరు లివర్ లాగినప్పుడు సిలిండర్ పైన ఉన్న చిన్న పిన్ను నొక్కుకుని వాల్వ్ తెరుచుకుంటుంది, సీటు పైకో కిందికో కదులుతుంది, లివర్ వదిలేస్తే వాల్వ్ మూసుకుని అక్కడే ఆగుతుంది. లోపలి సీల్ అరిగితే గ్యాస్ ఆగాల్సిన చోట ఆగదు, అందుకే మీ బరువుకి మెల్లగా దిగిపోతుంది. అంతే జరిగింది. మిగతా కుర్చీకి ఏమీ కాలేదు.

అయితే సిలిండర్ మార్చే ముందు లివర్ కూడా చూడండి. ఒక్కోసారి లివర్ వంగి ఆ పిన్నును ఎప్పుడూ కొంచెం నొక్కి ఉంచుతుంది, అప్పుడు సిలిండర్ బాగున్నా సీటు దిగుతూనే ఉంటుంది. కుర్చీని పక్కకి పడుకోబెట్టి లివర్‌ని కొద్దిగా పైకీ కిందికీ ఆడిస్తే తెలిసిపోతుంది, పిన్నుకీ లివర్‌కీ మధ్య కాస్తయినా ఖాళీ ఉండాలి.

సిలిండర్‌కి బోల్టులేమీ ఉండవు. రెండు కొసలూ కొంచెం సన్నబడుతూ వస్తాయి, పై కొస సీటు కింద ఉండే మెకానిజంలోకి (సీటునీ వీపునీ వాల్చే ఇనుప భాగం), కింది కొస అయిదు కాళ్ల బేస్‌లోకి దిగి మనిషి బరువుకే బిగుసుకుంటాయి. ఏళ్ల తరబడి కూర్చున్న కుర్చీలో ఆ బిగింపు ఎంత గట్టిగా ఉంటుందంటే ఊరికే లాగితే రానే రాదు. కుర్చీని బోర్లించి, బేస్ మధ్యలో సిలిండర్ అడుగు కనిపించేచోట దాని అంచు మీద ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ రావాలి. మధ్యలో ఉన్న క్లిప్పు మీద కొట్టకూడదు. పై కొసకి పైపు రెంచ్ వేసి తిప్పితే వదులుతుంది. రాకపోతే బిగుసుకున్న భాగాల్ని వదులు చేసే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి, మంట మాత్రం దగ్గరికి రానివ్వకండి, డ్రిల్లు పెట్టకండి, లోపల ఒత్తిడి ఉంటుంది. కొత్త సిలిండర్ కొనేటప్పుడు పాతది చేత పట్టుకెళ్లడం మంచిది. మన దగ్గర దొరికే కుర్చీల్లో చాలావాటికి పైన 28, కింద 50 మిల్లీమీటర్ల కొలతే సరిపోతుంది, కానీ పొడవులు వేర్వేరుగా ఉంటాయి. మామూలు సిలిండర్ అయితే ఇంటికొచ్చి మార్చినా 1,500 రూపాయల లోపే అయిపోతుంది.

దీనికి తోడు ఇంకొకటి చెప్తారు, "గ్యాస్ నింపిస్తే చాలు" అని. ఈ సిలిండర్ ఫ్యాక్టరీలో సీలు చేసి పంపేది. బయట ఎవరూ నింపరు. నింపుతామని డబ్బులడిగితే ఇవ్వకండి.

అపోహ: చక్రాలు తిరగట్లేదు, నేల మీద గీతలు పడుతున్నాయి, కుర్చీది నాసిరకం

గట్టి నైలాన్ చక్రాలు కార్పెట్ పరిచిన ఆఫీసులకి చేసినవి. మన ఇళ్లలో టైల్సు, గ్రానైటు. వాటికి మెత్తటి పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న చక్రాలు కావాలి. ఎక్కువ కుర్చీలకి 11 మిల్లీమీటర్ల కాడ ఉన్న చక్రాలే ఉంటాయి, చేత్తో గట్టిగా లాగితే ఊడతాయి, కొత్తవి నొక్కితే కూర్చుంటాయి. కొత్తవి కొనే ముందు పాత చక్రాలకు చుట్టుకున్న జుట్టు, దారాలు కత్తిరించి చూడండి, సగం సమస్య అదే అయి ఉంటుంది.

అపోహ: లెదర్ కుర్చీ అయితే ఎక్కువ కాలం వస్తుంది

కుర్చీ షాపుల్లో లెదర్ అని చెప్పేవాటిలో చాలాభాగం నిజం తోలు కాదు, గుడ్డ మీద పీయూ పూత. ఆ పూతకి తేమ పడదు. గాలిలో తేమకి, చెమటకి అది మెల్లగా విచ్చిపోయి, ఒకరోజు చొక్కా వీపంతా నల్లటి పొలుసులు అంటుకుని కనిపిస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. మామూలు రెక్సిన్ ఇలా పొలుసులుగా రాలదు కానీ కాలం గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది, పైగా ఎండాకాలంలో వీపుకి అతుక్కుంటుంది. నన్నడిగితే మన వాతావరణానికి మంచి గుడ్డ గానీ, మెష్ (గాలి ఆడే వల లాంటి అల్లిక) గానీ మేలు. ఇప్పటికే పొలుసులు రాలుతున్న కుర్చీ ఉంటే, లోపలి ఫోమ్ బాగుంటే కవరు కుట్టించుకోండి.

మెష్ అన్నాను కదా అని ఏ మెష్ అయినా ఒకటే అనుకోకండి. చవక మెష్ కొన్నాళ్లకే ఉయ్యాలలా సాగుతుంది, అప్పుడు తొడల కింద ఫ్రేము ముందు అంచు గట్టిగా ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. వీపుకి మెష్, సీటుకి ఫోమ్ ఉన్న కుర్చీ చాలామందికి సరిపోతుంది.

మరి ఎప్పుడు నిజంగా మార్చాలి?

బేస్ పగిలితే ఆ క్షణమే కూర్చోవడం ఆపండి. అయిదు కాళ్లు కలిసే మధ్య భాగంలో, సిలిండర్ దిగే రంధ్రం చుట్టూ సన్నటి గీత లాంటి పగులు ఉందేమో వెలుతురులో చూడండి. బేస్ ఒక్కటే మార్చుకోవచ్చు, కానీ వీపుని సీటుకి కలిపే కడ్డీ పగిలినా, సీటు కింద మెకానిజం వెల్డింగ్ విడిపోయినా, సీటు చెక్క విరిగినా అన్నీ కలిపి లెక్క వేసుకోండి. రిపేరు ఖర్చు కొత్త కుర్చీలో సగం దాటితే నేనే కొత్తది తీసుకోమంటాను. అన్ని భాగాలూ బాగున్నా కుర్చీ మీ ఒంటికి సరిపోకపోతే అది కూడా మార్చాల్సిన కారణమే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అపోహ: బిఫ్మా స్టిక్కర్ ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు

బిఫ్మా అంటే 1973లో మొదలైన అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘం. ఆఫీసు కుర్చీలకు వాళ్ల ప్రమాణం పేరు ఎక్స్5.1. అందులో ఉండేవి కుర్చీ ఎంత గట్టిది, ఎంతకాలం తట్టుకుంటుంది, పడిపోకుండా నిలబడుతుందా అనే పరీక్షలు, 2017 నాటి రూపంలో సుమారు 125 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అవి పాసైన కుర్చీ తేలిగ్గా విరగదని నమ్మొచ్చు. మీ నడుముకి సుఖంగా ఉంటుందా అన్నది ఆ పరీక్షల్లో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, మన మార్కెట్లో సిలిండరో చక్రాలో మాత్రమే పరీక్ష పాసై ఉంటే కుర్చీ మొత్తం బిఫ్మా అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. టెస్ట్ రిపోర్టు చూపించమనండి. అందులో ల్యాబ్ పేరు, తేదీ, మీరు కొంటున్న మోడల్ పేరు మూడూ ఉండాలి. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కి కూడా వర్క్ చెయిర్లకు ఐఎస్ 17631 అనే ప్రమాణం 2022 నుంచి ఉంది, దాని గురించి కూడా అడగండి. వారంటీ కార్డు ఎలాగూ చదువుతారు కదా, రోజుకి ఎన్ని గంటల వాడకానికి ఇచ్చారో వెతకండి. చాలా వారంటీలు 8 గంటల ఒక షిఫ్టుకే రాస్తారు. మూడు షిఫ్టులు నడిచే కాల్ సెంటర్‌కి ఆ కుర్చీ వేస్తే వారంటీ వర్తించదు.

అపోహ: నిటారుగా, 90 డిగ్రీల్లో కూర్చోవాలి

చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి ఇది అంత తేలిగ్గా పోదు. 2006లో స్కాట్లాండ్‌లో వసీం బషీర్ అనే డాక్టర్ బృందం 22 మందిని ఎమ్మారైలో రకరకాలుగా కూర్చోబెట్టి చూస్తే, వీపుకీ తొడలకీ మధ్య 135 డిగ్రీల కోణం ఉండేలా వెనక్కి వాలినప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి తక్కువగా కనిపించింది. 135లో కూర్చుని టైపు చేయలేరు, అలా కూర్చోమని నేను చెప్పడం లేదు. వీపు వెనక్కి వాలి, ఆనుకుని, మళ్లీ ముందుకి రావడానికి కుర్చీ ఒప్పుకోవాలి, మీరు కూడా రోజంతా కదులుతూ ఉండాలి. కొత్త కుర్చీ కొన్నవాళ్లలో చాలామంది వీపు వాలకుండా లాక్ వేసేసి, వాలడానికి ఎంత బలం పెట్టాలో మార్చే, సీటు కింద ఉన్న టెన్షన్ నాబ్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోరు. మీ బరువుకి తగ్గట్టు అది తిప్పుకోకపోతే ఎంత ఖరీదైన మెకానిజమైనా దండగ.

అపోహ: ధర ఎక్కువైతే నడుంనొప్పి తగ్గుతుంది

ఈ మధ్య ఒకావిడ ఫోన్ చేశారు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఖరీదైన కుర్చీ కొన్నా నొప్పి పోవట్లేదని. వెళ్లి చూస్తే టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు, మన దగ్గర టేబుళ్లన్నీ దాదాపు అంతే. మోచేతులు టేబుల్‌కి అందాలని ఆవిడ సీటు పూర్తిగా పైకి లేపుకున్నారు, దాంతో పాదాలు నేలకి నాలుగైదు అంగుళాల పైన వేలాడుతున్నాయి. కాళ్లు ఆనట్లేదు కాబట్టి సీటు ముందు అంచుకి జరిగి కూర్చుంటున్నారు, ఇక వెనక నడుముకి ఆనాల్సిన లంబార్ సపోర్ట్ వీపుని తాకేదే లేదు. ఆవిడకి కావాల్సింది కాళ్ల కింద ఒక గట్టి పీట. అది పెట్టాక వెనక్కి జరిగి కూర్చుంటే, మోకాలి వెనక్కీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగిలింది, అంటే సీటు లోతు కూడా ఆవిడకి సరిపోయింది. ఆ సందు లేకపోతే మాత్రం ఆ కుర్చీ మీది కాదు, వదిలేయండి. షాపులో కనీసం పది నిమిషాలు కూర్చుని ఇవన్నీ చూసుకోండి, అమ్మేవాళ్లు తొందరపెట్టినా సరే. నొప్పి కాలిలోకి పాకుతుంటే, తిమ్మిరిగా ఉంటే కుర్చీ షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ కుర్చీ కొనకూడదు

కంపెనీలు ఆఫీసు ఖాళీ చేసినప్పుడు బయటికొచ్చే కుర్చీలు చాలా గట్టివి. కొత్త చవక కుర్చీ కంటే నేను వాటికే ఓటేస్తాను. సీటు కింద అతికించిన లేబుల్ మీద తయారైన తేదీ చూడండి. ఫోమ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి, కింద చెక్క తగిలితే సీటు మార్చాల్సిందే. సీటు పైకి లేపి అలాగే కాసేపు కూర్చోండి, దిగకపోతే సిలిండర్ బాగున్నట్టు. ఒకటి రెండేళ్లకే సిలిండర్ మార్చాల్సి రావచ్చు, బేరంలో ఆ ఖర్చు తగ్గించి అడగండి.

పాత కుర్చీని పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేటప్పుడు సిలిండర్ సంగతి చెప్పి ఇవ్వండి. సీల్ పోయినా లోపల ఒత్తిడి మిగిలే ఉండొచ్చు, ఇనుము కోసం గ్యాస్ కట్టర్‌తో కోసినా, మంటలో వేసినా అది పేలే ప్రమాదం ఉంది, ఆ పనిచేసే కుర్రాళ్లకి ఈ విషయం చెప్పేవాళ్లు ఉండరు.