బ్లూ గ్రామా గడ్డి: గండమంతా మొలిచాకే

కరవుకు తట్టుకునే గడ్డే కదా, చల్లి వదిలేస్తే అదే వస్తుందనుకుంటే బ్లూ గ్రామా విత్తనం నేలపాలే. అమెరికా నడిమి మైదానాల పొట్టి గడ్డి ఇది. కొలరాడో, న్యూ మెక్సికోల రాష్ట్ర గడ్డి కూడా. అయితే కరవుకు ఆగేది ముదిరిన దుబ్బు, మొలక కాదు.

మొలకకు మొదట ఉండేది ఒక్కటే విత్తన వేరు. గింజకూ మొక్క మొదలుకూ మధ్య దారమంత సన్నని కాడ సాగి, మొదలును దాదాపు నేలమట్టానికి ఎత్తేస్తుంది. ఆకులు పెరిగేకొద్దీ ఆ కాడ గుండా వచ్చే నీరు చాలదు. ఇక మొదలు దగ్గర కొత్త వేళ్లు పుట్టి దిగాల్సిందే. మొలిచిన రెండు నుంచి ఎనిమిది వారాల్లోపు పైమట్టి వరసగా రెండు మూడు రోజులు తడిగా ఉంటేనే అది జరుగుతుంది. లేకపోతే ఆ వేళ్లు మొటిమల్లా ఆగిపోతాయి. కింద పదునున్నా మొక్క చస్తుంది. లోతుగా విత్తినా లాభం లేదు, కాడ ఇంకాస్త సాగుతుందంతే.

అందుకే విత్తే లోతు పావు నుంచి అర అంగుళం దాటకూడదు. మే చివర్లోనో జూన్‌లోనో, నేల వేడి 15 డిగ్రీల సెల్సియస్ దాటాక విత్తాలి. గింజలు తేలిక, పొట్టు ఎక్కువ. ఇసుకలో కలిపి చల్లి, పళ్లకర్రతో పైపైన కదిపి, మట్టిని తొక్కి అణచాలి. పచ్చికకైతే 1000 చదరపు అడుగులకు సుమారు కిలో. కొనేటప్పుడు సంచి బరువు చూసి మోసపోవద్దు: శుద్ధత (పొట్టూ చెత్తా పోగా అసలు గింజ వాటా) 60 శాతం, మొలకశాతం 80 అయితే కిలోలో పనికొచ్చేది 480 గ్రాములే.

మొలిచేదాకా రోజూ పలుచగా తడపాలి. తర్వాత తడుల మధ్య ఎడం పెంచినా, మూడు నాలుగు వారాలకు ఒకసారి పైమట్టిని మూడు రోజులు ఆరనివ్వకండి. మొదలు దగ్గర మట్టిని గోటితో తీస్తే తెల్లటి లావు వేళ్లు కనిపించాలి. అవి దిగాక నీరు తగ్గించవచ్చు.

మొదటి ఏడు యూరియా జోలికి పోవద్దు. బలమంతా కలుపే తింటుంది. కోశాక మిగిలే గడ్డి ఎత్తు మూడు అంగుళాలకు తగ్గకూడదు. చెట్టు నీడలో మాత్రం ఈ గడ్డి వేయకపోవడమే మేలు.