పాత కెర్నల్ టెస్టులను కేయూనిట్‌కు మార్చడం: అపోహలు - వాస్తవాలు

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) లిబ్ డైరెక్టరీలో పాతకాలపు టెస్టులు చాలా ఉండేవి. మాడ్యూల్ (కెర్నల్‌కు విడిగా జోడించే కోడ్ ముక్క) లోడ్ అవగానే, మొదట నడిచే ఇనిట్ ఫంక్షన్‌లోనే అన్నీ నడిచిపోయేవి. ఫలితాన్ని కెర్నల్ లాగ్‌లో వెతుక్కోవాలి. 2020 జనవరిలో 5.5 వెర్షన్‌తో కేయూనిట్ అనే కెర్నల్ యూనిట్ టెస్టుల ఫ్రేమ్‌వర్క్ వచ్చాక వీటిని ఒక్కొక్కటిగా మారుస్తూ వస్తున్నారు.

అపోహ: పాత చెక్‌ల స్థానంలో కేయూనిట్ మాక్రోలు (రెడీమేడ్ పరీక్ష ఆదేశాలు) పెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: కంపైల్ అవుతుంది, పాస్ కూడా అవుతుంది. చిక్కంతా టెస్టు ఫెయిలైన రోజున బయటపడుతుంది. పాత టెస్టు "ఈ ఇన్‌పుట్‌కి ఇది రావాలి, అది వచ్చింది" అని చెప్పేది. పోలిక చేసే దాని హెల్పర్ (సహాయక) ఫంక్షన్ లోపల ఒక ఎక్స్‌పెక్ట్-ట్రూ (ఫలితం ట్రూ కావాలనే మాక్రో) పెట్టి వదిలేస్తే "ట్రూ కావాలి, ఫాల్స్ వచ్చింది" అన్న ముక్క తప్ప ఏమీ మిగలదు. లైన్ నంబరు కూడా హెల్పర్‌దే వస్తుంది, దాన్ని పిలిచిన చోటుది రాదు. అందుకే మెసేజ్ ఇచ్చే వీలున్న మాక్రోలు వాడాలి, లైన్ నంబరును పిలిచిన చోటు నుంచే పంపాలి.

కేయూనిట్‌లో చెక్‌లు రెండు రకాలు: ఎక్స్‌పెక్ట్ ఫెయిలైనా టెస్టు ముందుకు సాగుతుంది, అసర్ట్ ఫెయిలైతే ఆ టెస్ట్ కేసు అక్కడే ఆగిపోతుంది. మెమరీ దొరక్కపోతే అసర్ట్ సరైనదే. ప్రతి పోలికకూ అదే పెడితే మాత్రం మొదటి తప్పు వెనక మిగతావన్నీ దాక్కుంటాయి. రివ్యూలో నేను మొదట అడిగేది ఒక్కటే: అసలు కోడ్‌ను కావాలని చెడగొట్టి, పాత మెసేజ్, కొత్త మెసేజ్ పక్కపక్కన చూపించండి.

అపోహ: ఇక మాడ్యూల్‌ను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ ఆదేశంతో నడపలేం.

వాస్తవం: నడపొచ్చు. కాన్ఫిగ్‌లో మాడ్యూల్‌గా ఎంచుకుంటే చాలు. టెస్టులు నడపడానికి కేయూనిట్‌తో వచ్చే పైథాన్ స్క్రిప్టు ఒక సౌకర్యం మాత్రమే.

అపోహ: యూజర్ మోడ్ లినక్స్‌లో (కెర్నల్‌ను మామూలు ప్రోగ్రామ్‌లా నడిపే పద్ధతి) పాసైతే సరిపోతుంది.

వాస్తవం: మామూలు ఎక్స్86 మెషీన్‌లో అది లిటిల్ ఎండియన్‌గానే (సంఖ్యలోని చిన్న విలువ బైటు ముందు ఉండేలా) నడుస్తుంది. బిట్‌మ్యాప్, చెక్‌సమ్ లాంటి కోడ్‌లో అసలు బగ్గులు బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైటు ముందు), 32 బిట్‌లో దొరుకుతాయి. అదే స్క్రిప్టుకు ఆర్కిటెక్చర్ పేరిస్తే క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో నడిపిస్తుంది. బిగ్ ఎండియన్ అయిన ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆర్కిటెక్చర్) ఒకసారి చూడండి, బద్ధకించకండి.

అపోహ: పాతవన్నీ మార్చాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. వేగం కొలిచేవి, హార్డ్‌వేర్ కావాల్సినవి సాధారణంగా ఇందులో ఇమడవు. యూజర్ స్పేస్ నుంచి సిస్టమ్ కాల్స్ పరీక్షించేవాటికి కేసెల్ఫ్‌టెస్ట్ అనే మరో టెస్టుల వ్యవస్థ ఉంది.

మార్చేవాటిలో ఫైల్ పేరు మార్పును మాత్రం విడి ప్యాచ్‌గా పంపండి. కోడ్ మార్పుతో కలిపేస్తే, మార్పులు ఎక్కువైతే గిట్ (వెర్షన్ కంట్రోల్ టూల్) దాన్ని కొత్త ఫైల్‌గా చూపించొచ్చు, రివ్యూ చేసేవాళ్లకు తలనొప్పి. కేసెల్ఫ్‌టెస్ట్ డైరెక్టరీలో ఆ మాడ్యూల్‌ను లోడ్ చేసే పాత షెల్ స్క్రిప్టునూ, దాని కాన్ఫిగ్ లైనునూ తీసేయడం కూడా చాలామంది మర్చిపోతారు.