కాపీ, కపే, ఒక టిష్యూ పేపరు

మా మేనకోడలు మనీలాలో మెడిసిన్ చదువుతోంది. మొన్న వీడియో కాల్‌లో "మామయ్యా, మా ఓనరాంటీ ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తుంది, కానీ ఫిఫ్టీ ఫైవ్‌ని 'పిప్టీ పైబ్' అంటుంది, వాళ్ళాయన పడుకున్నాడని చెప్పడానికి 'షీ ఈజ్ స్లీపింగ్' అంటుంది, ఎందుకలా?" అని అడిగింది.

రెండోది తేలికే. అక్కడి భాష టాగలోగ్‌లో అతనికీ ఆమెకీ ఒకటే మాట, 'సియా', మనం 'తను' అంటామే అలా. మాటల స్పీడులో హీ, షీల్లో ఏది ముందు నోటికొస్తే అదే పడిపోతుంది. మేము వేరు, మనం వేరు అన్న తేడా మాత్రం మనలాగే వాళ్ళకీ ఉంది (కామి, తాయో), అది లేని ఇంగ్లీషుని చూస్తే నాకైతే జాలేస్తుంది. సరే, నన్ను పట్టుకుని వదలనిది ఆ 'ప'.

పాత టాగలోగ్‌లో కింది పెదవిని పైపళ్ళకి ఆనించి ఊదే ఎఫ్ శబ్దమే లేదు. 1543లో స్పెయిన్ వాళ్ళు తమ యువరాజు ఫెలిపే పేరు అక్కడి దీవులకి పెడితే జనం నోట్లో అది 'పిలిపినాస్' అయి కూర్చుంది. కఫే 'కపే' అయింది, మన పల్లెల్లో ముసలాళ్ళు 'కాపీ' తాగినట్టే. 20 అక్షరాల పాత వర్ణమాల 'అబకడ'లో ఎఫ్‌కి చోటే లేదు, 1987 నాటి 28 అక్షరాల్లో ఉంది. 1901లో 'థామస్' అనే ఓడలో దాదాపు 500 మంది అమెరికన్ టీచర్లు దిగినప్పట్నుంచీ అక్కడ బడుల్లో ఇంగ్లీషు నడుస్తూనే ఉంది కాబట్టి ఇప్పటి సిటీ పిల్లలు ఎఫ్ బానే పలుకుతారు, పెద్దాళ్ళలోనే ఈ తికమక ఎక్కువ. కొందరైతే జాగ్రత్త ఎక్కువైపోయి 'పీపుల్'ని కూడా 'ఫీఫుల్' చేసేస్తారు.

మనవాళ్ళయితే ఇలాంటివాటికి నాలుక మందం అనేస్తారు, వస అరగదీసి నాకించమంటారు. పాపం నాలుక ఏం చేసింది? అసలు ఇక్కడ పని పెదవులది, దానికన్నా ముందు చెవిది. చిన్నప్పుడు చెవి రెండు శబ్దాల్నీ ఒకే డబ్బాలో వేసేసుకుంటే పెద్దయ్యాక నోరు ఆ డబ్బాలోంచి ఏది తీయాలో తెలీక తడుముకుంటుంది. "వందసార్లు పలుకు" అని కూర్చోబెట్టే మాస్టార్లు ముందు తేడా వినిపిస్తుందో లేదో అడగరు, అదే నా కోపం.

ఎఫ్ సంగతి అలా ఉంచితే, ఆంటీ 'ప'ని సరిగ్గా 'ప' అన్నా అమెరికా వాడికి 'బ' వినపడే ప్రమాదం ఉంది! పెదవులు విడిన క్షణం నుంచి గొంతులో తంత్రులు మోగడం మొదలయ్యేదాకా చిన్న గ్యాప్ ఉంటుంది. 1964లో లిస్కర్, ఏబ్రమ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్తలు దీన్ని పదకొండు భాషల్లో కొలిచారు. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే 'ప'కి అది సెకనులో వెయ్యోవంతులు సుమారు 60, ఆ ఖాళీలో ఊపిరి బుస్సున బయటికొస్తుంది. టాగలోగ్ 'ప'కీ మన 'ప'కీ ఆ బుస్సు లేదు. అంటే ఇంగ్లీషు 'పిన్'లో 'ప' నిజానికి మన ఒత్తక్షరం ఫ, ఎఫ్ కాదు, రెండు పెదవులూ మూసి వదిలే అసలు ఫ, మనం 'ఫలం'ని కూడా ఎఫ్‌తో పలికి పాడుచేసుకున్న అదే ఫ. ఇంకా గమ్మత్తేంటంటే 'స్పిన్'లో మాత్రం వాళ్ళది కూడా మన 'ప'నే, రికార్డింగులో ముందున్న స కోసేసి వినిపిస్తే ఇంగ్లీషు వాళ్ళకి అది 'బిన్' అని వినపడుతుంది. అమెరికాలో మనవాళ్ళు ఫోన్లో 'పి' అంటే అవతల 'బి'నా అని అడిగేది అందుకే.

ఇదంతా చెప్పి, ఆంటీని కూడా కాల్‌లోకి పిలిపించి, ఇద్దర్నీ టిష్యూ పేపరు మూతి ముందు వేలాడదీసి 'పెన్' అనమన్నాను. ఆంటీ అంది, పేపరు కదల్లేదు. మేనకోడలు అంది, కదల్లేదు. ఊపిరి కలిపి ప్‌హ్ అని వదలమంటే ఆంటీ టిష్యూ టపటపా కొట్టుకుంది, మనదాన్ది మూడోసారికి గానీ లేవలేదు.

ఆంటీ ఊరుకుంటుందా, 'ఙిపిన్' అనమంది. పన్ను అని అర్థం. మాట మొదట్లోనే ఙ! మనం అక్షరమాలలో వల్లించి మళ్ళీ దాని మొహం చూడని ఙ. చందన్ నారాయణ్, వెర్కర్, బెడ్డర్ 2010లో అచ్చేసిన పరిశోధన ఒకటుంది, 'న', 'ఙ' తేడా ఫిలిపినో పసివాళ్ళు 10-12 నెలలకి పట్టేస్తారు, 6-8 నెలల్లో వాళ్ళకీ పట్టుబడదు, ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకి ఆ రెండు వయసుల్లోనూ వినపడలేదు. అంటే కొన్ని తేడాలు వింటూ వింటూ చెవి కొత్తగా నేర్చుకుంటుందన్నమాట.

డాక్టరమ్మ 'నిపిన్' అంది. ఆంటీ పడీపడీ నవ్వింది. 'బంగారం' అని, బ మింగేసి, గ రాకముందు ముక్కులో మోగేదాన్ని పట్టుకో అని నేను చిట్కా చెప్పాను. నిన్న మెసేజ్ పెట్టింది, 'ఙ్గిపిన్' దాకా వచ్చిందట, ఆ గ మాత్రం ఇంకా పోవట్లేదట.